తల్లి గాడిద దుప్పటి రంగు

కొసరమ్మ గురించి చెప్పాలంటే ముందు వాళ్ళాయన గురించి చెప్పాలి. తన గురించి తాను ఒక్క ముక్క చెప్పుకునే మనిషి కాదామె. ఆ లోటంతా ఆయనే తీర్చేశాడు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ముందు సీట్లో పిల్లల్ని వెంటేసుకుని ఎవరైనా కూర్చున్నారా, ఇక అంతే సంగతులు. "గాడిదపిల్ల సినిమా చూశారా? అందులో తల్లి గాడిద వీపు మీద దుప్పటి ఉంటుంది చూశారూ, ఆ రంగు కలిపింది మా ఆవిడే" అని మొదలుపెట్టేవాడు. వాళ్ళు దిగే స్టాపు వచ్చినా వదిలేవాడు కాదు. రిటైరయ్యాక బస్సు పోయింది గానీ ఆ మాట పోలేదు. బ్యాంకు క్యూలో అదే, పళ్ళ డాక్టరు దగ్గర అదే, పంపు బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరుతో కూడా అదే. కొసరమ్మ పక్కనుంటే మాత్రం సగంలో ఆగాల్సి వచ్చేది. ఆమె ఆయన మోచేతి మీద పట్టుకుని గట్టిగా గిల్లేది.

"దుప్పటి రంగు కలిపితే రాజ్యాలు ఏలినట్టా? పది మందిలో నా పరువు తీస్తారేంటండీ" అని ఇంటికొచ్చాక క్లాసు పీకేది. ఆయన మోచెయ్యి రుద్దుకుంటూ నవ్వేవాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

గాడిదపిల్ల సినిమా తెలియని ఇల్లు ఆ రోజుల్లో లేదు. చేత్తో గీసిన బొమ్మల సినిమా. సంతలో తప్పిపోయిన ఓ గాడిదపిల్ల నానా తిప్పలూ పడి ఊళ్ళు తిరిగి, చివరికి పొగమంచులో ఓ నీళ్ళతొట్టి దగ్గరికి చేరుతుంది. అక్కడ ముప్పై గాడిదలు నీళ్ళు తాగుతుంటాయి. అన్నీ ఒకేలా ఉంటాయి. అన్నిటి మీదా వెలిసిపోయిన దుప్పట్లే. ఒక్కదాని మీద మాత్రం బాగా కాలిన ఇటుక రంగు దుప్పటి. దాన్ని బట్టి పిల్ల తల్లిని గుర్తుపడుతుంది. హాల్లో పిల్లలు గాడిదపిల్ల కంటే ముందే కనిపెట్టేసి "అదిగో అమ్మ!" అని ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు. నలుగురైదుగురు పిల్లల్నీ ముసలివాళ్ళనీ వెంటేసుకుని ఇంటిల్లిపాదీ తరలి వచ్చేది ఆ ఒక్క అరుపు కోసమే. తెలిసిన కథకి కూడా పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఎవరైనా చూస్తే కంట్లో నలక పడిందనేవాళ్ళు.

ఆ సినిమా తయారైన స్టూడియోలో రంగుల గది మూడో అంతస్తులో ఉండేది. పొడుగాటి కిటికీలు, పదకొండు బల్లలు, పదకొండు మంది ఆడవాళ్ళు. దుమ్ము లేస్తుందని ఫ్యాను వేసేవాళ్ళు కాదు. తుమ్ము వస్తే వరండాలోకి పరిగెత్తాల్సిందే. పని ఏమిటంటే, గాజులా అవతలి వైపు కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది, దాన్ని సెల్ అంటారు. దాని మీద ముందువైపు బొమ్మ గీత గీసి ఇస్తారు. వీళ్ళు వెనకవైపు రంగు వెయ్యాలి. గాడిద ఒక్కసారి తోక ఊపాలంటే అలాంటివి డజను కావాలి. అంటే తోక ఊపడమంటే ఒక మనిషి ఒక పూట కష్టం. ఇప్పుడు ఈ ముక్క చెబితే పిల్లలు నమ్మరు.

కొసరమ్మ పందొమ్మిదో ఏట అక్కడ చేరింది. ఏడాది పాటు గాడిద గిట్టలకి మాత్రమే రంగు వేసింది. కళ్ళు చురుకైనవని తర్వాత రంగులు కలిపే బల్లకి మార్చారు. ఎవరికెంత రంగు కావాలో కొలిచి సీసాలో పోసి, పైన రెండు చెంచాలు ఎక్కువ వేసేది. పని మధ్యలో రంగు అయిపోతే, మళ్ళీ కలిపింది పాతదానితో అచ్చం కలవదేమోనని ఆమె భయం. అలా కొసరు వేసీ వేసీ కొసరమ్మ అయిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పుస్తకంలోనే ఉండిపోయింది.

ఆమె కలిపిన మొదటి పెద్ద రంగు ఆ దుప్పటిదే. కలపడం బాగానే కలిపింది. బొమ్మ గీసినవాళ్ళు శభాష్ అన్నారు. ఒకే సీసాలోంచి రెండువందల పన్నెండు సెల్స్ వేయించింది. కెమెరా వాళ్ళు తీసుకెళ్ళారు. నాలుగో రోజు ఆ సినిమా ముక్క తయారైందని స్టూడియో అంతా చూడ్డానికి చీకటి గదిలో కూర్చున్నారు. తెర మీద తల్లి గాడిద నిలబడి ఉంది, దుప్పటి దివ్యంగా ఉంది. పక్కనుంచి గాడిదపిల్ల గెంతుకుంటూ వచ్చింది. పిల్ల అలా కాలు పెట్టిందో లేదో, తల్లి దుప్పటి ఒక్కసారిగా మాసిపోయింది. పిల్ల పక్కకి వెళ్ళిపోగానే మళ్ళీ శుభ్రంగా అయిపోయింది. గదిలో నవ్వులే నవ్వులు. "పిల్లని చూడగానే దుప్పటికి మురికి పట్టింది" అని కెమెరామన్ అన్న మాట వారం రోజులు క్యాంటీన్‌లో తిరిగింది. కొసరమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఆ పదకొండు మందిలోనే రంగుల గదికి పెద్ద ఒకావిడ ఉండేది. అందరూ పెద్దక్క అనేవాళ్ళు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని కొసరమ్మకి అనిపించింది. పెద్దక్క ఒక దుప్పటి సెల్ తీసి తెల్ల కాగితం మీద పెట్టింది. దాని మీద ఒక ఖాళీ సెల్ వేసింది. ఇంకోటి వేసింది. ఇంకోటి.

"ఇప్పుడు చెప్పు, ఇది అదే రంగా?" అంది.

కాదు. గాజులా కనిపించినా ఒక్కో సెల్ కొంచెం వెలుగు తినేస్తుంది. తల్లి బొమ్మ అడుగున ఉండి, పిల్లది ఒక సెల్, మంచుది ఒక సెల్, ముందున్న గడ్డిది ఒక సెల్ పైన పడితే, దుప్పటి ముదిరిపోతుంది. అందుకని అడుగున ఉండే బొమ్మకి ముందే తెలుపు కలిపి రంగు లేతగా వెయ్యాలి. పైన ఒక సెల్ పడేదానికి ఒక చెంచా తెలుపు, మూడు పడేదానికి మూడు చెంచాలు. బల్ల మీద చూస్తే అది తప్పు రంగే. తెర మీదికి వెళ్ళేసరికి అదే సరైన రంగు అవుతుంది.

రెండువందల పన్నెండు సెల్స్ మీద రంగు కడిగి మళ్ళీ వేశారు. ఎనిమిది రోజులు పట్టింది. పదకొండు మందీ వేశారు, ఒక్కరూ ఆమెని ఎత్తిపొడవలేదు. ఆ రోజు నుంచి కొసరమ్మ ప్రతి సీసా మూత మీదా, ప్రతి సెల్ మూలన కెమెరాకి కనపడని చోటా నల్ల సిరాతో చుక్కలు పెట్టేది. పైన ఎన్ని పొరలు పడతాయో అన్ని చుక్కలు. సినిమా పూర్తయ్యేదాకా మళ్ళీ ఒక్క రంగు కూడా తేడా పడలేదు.

సినిమా టైటిల్స్‌లో మాత్రం "రంగులు: రంగుల విభాగం" అని ఒక్క ముక్క వేశారు. కొన్నేళ్ళకి స్టూడియో మూతపడింది. కొసరమ్మ తర్వాత బట్టల మిల్లులో రంగులు చూసే పని చేసి రిటైరైంది. పిల్లని పెంచింది, పెళ్ళి చేసింది. మనవరాలు పుట్టింది. ఆ మనవరాలు ఒక్క క్షణం ఒక చోట కూర్చోదు, అందుకని ఇంట్లో అందరూ దాన్ని బొంగరం అంటారు. దానికి ఆరేళ్ళు. సినిమాకి యాభై.

యాభై ఏళ్ళలో ప్రింట్లన్నీ గులాబీరంగుకి తిరిగిపోయాయి. వాటిని బాగుచేసి మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారని పేపర్లో పడినప్పుడు, ఆ పేపరు కొసరమ్మ భర్త ఎంతమందికి చూపించాడో లెక్కలేదు. తర్వాత ఆ సినిమాని బాగుచేస్తున్న ల్యాబ్ నుంచి ఉత్తరం వచ్చింది. విడుదలకి పది రోజుల ముందు ఒక ఉదయం పాత ఉద్యోగులకీ వాళ్ళ కుటుంబాలకీ విడిగా ఆట వేస్తున్నాం, రమ్మని. రంగుల గదిలో పదకొండు మందిలో ముగ్గురే మిగిలారు. ఇద్దరు మంచాన ఉన్నారు. నడవగలిగింది ఈమె ఒక్కతే.

వెళ్ళారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒక పక్క కూతురు, ఇంకో పక్క మందుల షాపు నడిపే అల్లుడు, ఒళ్ళో బొంగరం. దీపాలు ఆరిపోయాయి. మొదటి బొమ్మ పడగానే కొసరమ్మ సీటు అంచుకి జరిగింది. గీతలు అంత శుభ్రంగా ఆ రోజుల్లో కూడా లేవు. కానీ పావుగంట గడిచేసరికి ఏదో తేడాగా అనిపించింది. కూర బాగానే ఉడికి ఉప్పు మరిచిపోయినట్టు. ఆకాశం పాలిపోయింది, సంత వెలవెలబోయింది. దుప్పటి చూస్తే ఇటుక రంగు కాదు. ఇటుకని పాలలో ముంచి తీసినట్టుంది.

ఆమె కళ్ళు నులుముకుంది. అల్లుడు గమనించాడు.

"ఏంటత్తయ్యా?"

"దుప్పటి రంగు అది కాదు."

"మీకు ఆర్నెల్ల క్రితమే కదా శుక్లాలు తీశారు. ఆపరేషన్ తర్వాత రంగులు కొంచెం తేడాగా కనపడతాయి అత్తయ్యా. మా షాపుకొచ్చే వాళ్ళందరూ ఇదే అంటారు" అన్నాడు. మంచి కుర్రాడే, మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు.

కొసరమ్మ ఆలోచనలో పడింది. నిజమే కదా. ఆపరేషన్ అయిన కొత్తలో ఉతికిన తువ్వాళ్ళు నీలంగా ఉన్నాయని ఇంట్లో గొడవ చేసింది తనే. మిషన్లూ కంప్యూటర్లూ పెట్టి చదువుకున్నవాళ్ళు వేసిన రంగు. యాభై ఏళ్ళ నాటి దుప్పటి గురించి తనకి ఏం గుర్తుంటుంది? అంత పెద్ద పెద్దవాళ్ళ ముందు నోరు విప్పడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. ఊరుకుందామనుకుంది. ఊరుకునేదే కూడా.

అప్పుడు పొగమంచు వచ్చింది. నీళ్ళతొట్టి, ముప్పై గాడిదలు. కొసరమ్మ అరుపు కోసం ఎదురుచూసింది. హాల్లో పాతిక మంది పిల్లలున్నారు. ఒక్కరూ అరవలేదు. అంత కదిలే బొంగరం కూడా కదలకుండా తెర మొత్తం వెతుకుతోంది.

"అమ్మమ్మా, వాళ్ళమ్మ ఏదీ? నాకు కనపడట్లేదు" అని గుసగుసగా అడిగింది.

తెర మీద గాడిదపిల్ల తల్లి దగ్గరికి పరిగెత్తాకే పిల్లలకి తెలిసింది. చప్పట్లు కొట్టారు, అందరూ బాగుందన్నారు. కొసరమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. బొంగరం కళ్ళకి ఏ ఆపరేషనూ కాలేదు. ఇక మీదట ఉండేది ఈ కొత్త ప్రింటు ఒక్కటే. పాతవి ఎలాగూ పోయాయి. ఇప్పుడు వీళ్ళు ఏ రంగు వేస్తే ముందు ముందు పుట్టే పిల్లలకి అదే రంగు. ఇవాళ తను నోరు మూసుకుని ఇంటికెళ్ళిపోతే ఇంకెప్పటికీ ఆ పొగమంచులో అమ్మ ఏదో ఏ పిల్లకీ కనపడదు.

బయట ల్యాబ్ ఆయన అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి, నిద్రలేక కళ్ళ కింద నలుపు. రెండేళ్ళు ఈ సినిమా మీదే కూర్చున్నాడట. కొసరమ్మ ఆయన ముందుకి వెళ్ళి నిలబడింది.

"బాబూ, తల్లి గాడిద దుప్పటి రంగు తప్పు."

కూతురు కంగారుగా "అమ్మా" అని భుజం పట్టుకుంది. ల్యాబ్ ఆయన మర్యాదగానే చెప్పాడు.

"మేం కంటితో చూసి వెయ్యలేదమ్మా, మిషన్‌తో కొలిచాం. స్టూడియో వాళ్ళ పాత సెల్ ఒక్కటి దొరికింది. దాని వెనక పూసిన రంగు ఎంతుందో తెర మీద అంతే తెచ్చాం. దాన్ని పట్టుకునే మిగతా రంగులన్నీ సర్దాం. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఆ సెల్ ఒక్కసారి చూపిస్తారా?"

ల్యాబ్ ఆ హాలు వెనకే ఉంది. అంతా వెళ్ళారు. ఆయన చేతులకి తొడుగులు వేసుకుని ఒక పెట్టె తెరిచి, పల్చటి కాగితం పక్కకి తీశాడు. తల్లి గాడిద. పొగమంచు ఘట్టంలోది. యాభై ఏళ్ళ తర్వాత తన రంగుని చూసి కొసరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే చూపు మూలకి వెళ్ళింది. మూడు నల్ల చుక్కలు.

"ఇవేంటనుకున్నారు?" అంది.

"సిరా చిందింది కదమ్మా? వాటిని మేం పట్టించుకోలేదు."

కొసరమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. భయమంతా ఎటు పోయిందో పోయింది. "చిందితే కొలిచినట్టు వరసగా మూడు పడతాయా? అవి నేను పెట్టినవి. ఖాళీ సెల్స్ ఏమన్నా ఉన్నాయా ఈ పెట్టెలో?"

రంగు వెయ్యనివి నాలుగైదు ఉన్నాయి. ఆమె తెల్ల కాగితం అడిగి దాని మీద తల్లి గాడిదని పెట్టింది. పైన ఒక ఖాళీ సెల్ వేసింది. ఇంకోటి. ఇంకోటి. అందరి కళ్ళ ముందే దుప్పటి మెల్లగా ముదిరింది.

"ఇప్పుడు చెప్పండి, ఇది అదే రంగా?"

ల్యాబ్ ఆయన చాలాసేపు వంగి చూశాడు. ఒక్కో సెల్ తీసి మళ్ళీ వేసి చూశాడు. పని తెలిసిన మనిషి, ఆమె చెప్పకముందే సగం అర్థమైపోయింది. మిగతాది ఆమె చెప్పింది. ఆయన కుర్చీలో కూలబడి "అడుగు పొర రంగుని పట్టుకుని సినిమా అంతా లేతచేసి పారేశామా" అన్నాడు. తర్వాత తేరుకుని, "కానీ ఈ ఖాళీ సెల్స్ యాభై ఏళ్ళలో పచ్చబడ్డాయి కదమ్మా. వీటి కింద కనపడేది కూడా అసలు రంగు కాదుగా?" అని అడిగాడు.

"కాదు, ఎక్కువ ముదిరింది. అసలు రంగు నేను కలిపి చూపిస్తాను. రంగులు తెప్పించండి" అంది కొసరమ్మ. అనేశాక, ఎంత మాట అన్నానురా భగవంతుడా అనుకుంది.

తెప్పించారు. ఎరుపు, పసుపు, మట్టి రంగు, తెలుపు. నలుపు మాత్రం అగ్గిపుల్ల మొనతో. కలిపి, ఒక గాజు పలక మీద పూసి, ఆరేదాకా ఆగింది. తడి రంగు అబద్ధం చెబుతుందని పెద్దక్క ఎప్పుడూ అనేది. మొదటిది ఆరాక పారబోసింది. రెండోదీ పారబోసింది. మధ్యాహ్నం అయింది. కూతురు టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె పని చేస్తుంటే భర్త చూడటం ఇదే మొదటిసారి. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మూడోది ఆరింది. ఆమె తల వంచి చూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "ఇదే" అంది.

"ఎలా నమ్మడం?" అన్నాడు అల్లుడు, ఆత్రం ఆపుకోలేక.

"నువ్వు నమ్మక్కర్లేదు నాయనా" అని ఆమె అదే రంగులో మూడు చెంచాల తెలుపు కొలిచి వేసింది, ఆ రోజుల్లో వేసినట్టే. కలిపి, పూసి, ఆరబెట్టి, పాత సెల్ పక్కన పెట్టింది. "ఇప్పుడు మీ మిషన్‌తో కొలవండి. నేను కలిపిన అసలు రంగు సరైనదైతే, ఈ మూడు చుక్కల రంగు ఆ సెల్ వెనకున్న రంగుతో కలిసి తీరాలి."

ల్యాబ్ ఆయన కొలిచాడు. నమ్మలేక ఇంకోసారి కొలిచాడు. తల పైకెత్తి "వెంట్రుకవాసి తేడా కూడా లేదమ్మా" అన్నాడు.

అప్పుడు కొసరమ్మకి కలిగినది గర్వమే, ఇంకో పేరు పెట్టక్కర్లేదు. ఆమె కుర్చీలో కూర్చుని చల్లారిన టీ మొత్తం తాగేసింది.

పది రోజులు ల్యాబ్‌లో ఎవరూ ఇళ్ళకి సరిగ్గా వెళ్ళలేదట. టైటిల్స్‌లో మీ పేరు వేస్తామని ఫోన్ చేశారు. "వేస్తే పదకొండు పేర్లూ వెయ్యండి, లేకపోతే ఏదీ వద్దు" అని ఆమె ఒక కాగితం మీద రాసి పంపింది. పెద్దక్క పేరు అన్నిటికంటే పైన.

ఆదివారం ఉదయం ఆటకి హాలు కిటకిటలాడింది. ఎక్కడ చూసినా పిల్లలు, వాళ్ళ వెనక అమ్మానాన్నలు, వాళ్ళ వెనక చిన్నప్పుడు ఇదే సినిమా చూసిన తాతలూ అమ్మమ్మలూ. కొసరమ్మ పక్క సీట్లో ఎవరో తెలియనావిడ, ఒళ్ళో నాలుగేళ్ళ మనవడు. టైటిల్స్‌లో పదకొండు పేర్లు పడ్డప్పుడు కొసరమ్మ భర్త వేసిన ఈలకి ముందు వరసలు వెనక్కి తిరిగాయి. కూతురు తల దించుకుంది, అల్లుడు కూడా ఒకటి వేశాడు.

సంత జోరుగా ఉంది. ఆకాశం ఆకాశంలా ఉంది. కొసరమ్మకి అవేమీ ఎక్కలేదు. పొగమంచు కోసం చేతులు బిగించుకుని కూర్చుంది. వచ్చింది. నీళ్ళతొట్టి. వెలిసిన దుప్పట్లు, వెలిసిన దుప్పట్లు. మంచు కొంచెం పక్కకి జరిగింది.

"అదిగో అమ్మ!"

బొంగరం సీటెక్కి నిలబడి అరిచింది. దాంతోపాటే హాలు మొత్తం అరిచింది. పక్కావిడ ఒళ్ళో పిల్లాడు వేలు చూపిస్తూ అరిచాడు. తెర మీద గాడిదపిల్ల ఇంకా వెతుకుతూనే ఉంది. ఇన్ని వందల మంది పిల్లలు దానికంటే ముందే కనుక్కున్నారు. పక్కావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఎన్నేళ్ళయిందో చూసి. ఆ రంగు ఎంత బాగుందో చూడండి" అంది.

ఆ మాట చాలు, కొసరమ్మ భర్త అటు వంగాడు. "ఆ దుప్పటి రంగు ఉంది చూశారూ" అని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ మోచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గిల్లుడు పడలేదు. ఆమె తన చెయ్యి ఆయన చేతి మీద వేసి ఆపింది.

"ఉండండి, నేను చెబుతాను" అని, పక్కావిడ వైపు తిరిగింది. "అది కలిపింది నేనేనండి."